చిన్న రెక్కలు, పొట్టి రన్‌వేలు

అండమాన్ దీవుల్లో ఏ విమానం ఎంత వేగంగా పోతుందన్నది పెద్ద విషయం కాదు. ఎంత కొంచెం నేల మీద నుంచి, ఎంత బరువుతో లేస్తుందన్నదే అసలు పరీక్ష.

డైరీ ఫార్మ్ పేరులో పాడి ఉంది, చెవుల్లో మాత్రం విమానాల హోరు. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌లోని ఈ పేటకు విమానాశ్రయం ఎంతో దూరం లేదు. చెన్నై నుంచో హైదరాబాద్ నుంచో వచ్చే ఎయిర్‌బస్ కిందికి దిగుతోందంటే ఈ చుట్టుపక్కల ఇళ్లలో మాటలు కాసేపు ఆగాల్సిందే. కాస్త పైన జాగర్స్ పార్క్ గుట్ట మీద నిలబడితే రన్‌వే మొత్తం అరచేతిలో గీతలా కనిపిస్తుంది. సాయంత్రం నడకకు వచ్చినవారికి అది ఖర్చు లేని వినోదం.

ఆ గీత పొడవు 3,290 మీటర్లు. మూడు కిలోమీటర్లకు పైనే. 2023 జులైలో ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించిన గవ్వ ఆకారపు కొత్త టెర్మినల్‌తో కలిపి చూస్తే ఏ మహానగరానికీ తీసిపోని హంగు. కానీ దీవుల అసలు అవసరం ఈ రన్‌వే దగ్గర తీరిపోదు, ఇక్కడి నుంచే మొదలవుతుంది. ప్రధాన భూభాగం నుంచి రెండు గంటల్లో ఇక్కడికి చేరినవారు, ఇక్కడి నుంచి మరో దీవికి వెళ్లాలంటే రెండు రోజులు ఓడలో గడపాల్సి రావచ్చు. ఆ రెండు రోజులను రెండు గంటలకు కుదించగలిగేది చిన్న విమానం ఒక్కటే. ఏ చిన్న విమానం అన్నదే చిక్కుముడి.

కూలీల చెమటతో మొదలైన నేల

ఈ గడ్డ మీద విమానాల కథ రెండో ప్రపంచ యుద్ధంతో మొదలైంది. 1942 మార్చి 23న జపాన్ సేనలు అండమాన్‌లో దిగాయి. లాంబా లైన్ దగ్గర రన్‌వేను వారు స్థానికులతో వెట్టిచాకిరీ చేయించి తయారు చేయించారు. 1943 డిసెంబరు 29న సుభాష్ చంద్రబోస్ విమానంలో ఇక్కడికే వచ్చారు, మరునాడు జెండా ఎగరేశారు. కార్ నికోబార్‌లోని రన్‌వే కూడా ఆ యుద్ధకాలపు వారసత్వమే.

యుద్ధం కోసం వేసిన ఆ నేలే తర్వాత పౌరులకు దారి అయింది. 1985లో నేవీ దీన్ని ఐఎన్ఎస్ ఉత్క్రోశ్ పేరుతో తన స్థావరంగా ప్రకటించింది. ప్రయాణికుల విమానాలు నేటికీ నౌకాదళపు రన్‌వే మీదే దిగుతున్నాయి. విమానాశ్రయానికి 2002లో సావర్కర్ పేరు పెట్టారు.

ఈ ఊళ్లో తెలుగు వినబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో ప్రతి వంద మందిలో దాదాపు 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చిన మత్స్యకార కుటుంబాలు జంగ్లీఘాట్ లాంటి పేటల్లో స్థిరపడ్డాయి. విశాఖ ఓడ కోసం ఎదురుచూడటం వారికి తరాల అలవాటు. సముద్రం మీద దూరాన్ని కిలోమీటర్లలో కాక రోజుల్లో లెక్కబెట్టడమూ వారికి అలవాటే.

పటం చూస్తే తెలిసే కష్టం

దీవుల వరుస ఉత్తరం నుంచి దక్షిణానికి ఏడు వందల కిలోమీటర్లకు పైగా సాగుతుంది. శ్రీ విజయపురం నుంచి ఉత్తరాన డిగ్లీపూర్ సమీపంలోని శిబ్‌పూర్ ఆకాశమార్గాన సుమారు 180 కిలోమీటర్లు. రోడ్డు మీద వెళ్తే దూరం మూడు వందలు దాటుతుంది, మధ్యలో రేవులు దాటాలి, జరావా అభయారణ్యం గుండా కాన్వాయ్ వెంట సాగాలి. దక్షిణాన కార్ నికోబార్ 275 కిలోమీటర్లు. ఇక చిట్టచివరి గ్రేట్ నికోబార్‌లోని కాంప్‌బెల్ బే 530 కిలోమీటర్ల పైమాటే. అంటే హైదరాబాద్ నుంచి విశాఖ ఉన్నంత దూరం. మధ్యలో ఉన్నదంతా నీరే.

పెద్ద ఆసుపత్రి ఉన్నది రాజధానిలోనే. కాంప్‌బెల్ బేలో ఎవరికైనా గుండెపోటు వచ్చినా, కాన్పు కష్టమైనా సముద్రం శాంతించే దాకా ఆగమని చెప్పలేం. ఏడాదికి దాదాపు మూడు వేల మిల్లీమీటర్ల వాన కురిసే చోటు ఇది. నైరుతి వెళ్లిపోగానే ఈశాన్యం తలుపు తడుతుంది. ఇన్నేళ్లుగా ఆ లోటును పూడుస్తున్నవి పవన్ హన్స్ హెలికాప్టర్లు, నౌకాదళం, కోస్ట్‌గార్డ్, వైమానిక దళం విమానాలు. హెలికాప్టర్‌కు రన్‌వే అక్కర్లేదు. కానీ ఎక్కేవారు కొద్దిమందే, గంటకయ్యే ఖర్చు ఎక్కువ.

శిబ్‌పూర్ రన్‌వే మొదట దాదాపు ఒక కిలోమీటరు ఉండేది. 2019 జనవరిలో ఆ స్థావరం ఐఎన్ఎస్ కొహాసాగా మారింది. కాంప్‌బెల్ బేలో 2012 జులై 31న ఐఎన్ఎస్ బాజ్ ప్రారంభమైన నాటికి రన్‌వే 3,500 అడుగులు, అంటే 1,067 మీటర్లు. రెండింటినీ పెంచే ప్రణాళికలు అప్పటి నుంచే ఉన్నాయి. కానీ దీవుల్లో చిన్న విమానం సత్తా తేల్చే కొలబద్ద ఆ కిలోమీటరే.

నలుగురు పోటీదారులు

అలాస్కాలోని వాల్డేజ్‌లో ఏటా మే నెలలో ఒక పోటీ జరుగుతుంది. మంచు కొండల మధ్య, నదీ తీరపు ఇసుక మేటల మీద దిగే విమానాలు అక్కడ గీత మీద నిలబడి, ఎవరు తక్కువ దూరంలో గాల్లోకి లేస్తారో తేల్చుకుంటాయి. కొన్ని పట్టుమని పదుల అడుగుల్లోనే నేల విడుస్తాయి. చూడటానికి ముచ్చటే. కాకపోతే వాటిలో పైలట్, గుక్కెడు పెట్రోలు తప్ప ఏమీ ఉండవు. దీవుల విమానానికి ఆ విలాసం లేదు. రోగి, తోడు వచ్చిన బంధువు, టపా సంచి, తిరుగు ప్రయాణపు ఇంధనం అన్నీ మోసుకుంటూ లేవాలి.

ఆ పనికి తగిన విమానాల్లో నాలుగింటికి ఈ దీవులతోనో, మన దేశంతోనో గట్టి పరిచయం ఉంది.

మొదటిది బ్రిటిష్ ఐలాండర్. పేరులోనే దీవి ఉంది. 1965 జూన్‌లో తొలిసారి ఎగిరింది. రెండు పిస్టన్ ఇంజన్లు, ఒక్కొక్కటి 260 హార్స్‌పవర్. మొత్తం బరువు మూడు టన్నుల లోపు, తొమ్మిది మంది ప్రయాణికులు. స్కాట్లండ్‌కు ఉత్తరాన ఓర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే, పాపా వెస్ట్రేల మధ్య రెండు నిమిషాల్లోపే ముగిసే విమాన సర్వీసును, ప్రపంచంలోకెల్లా పొట్టిదాన్ని, నడుపుతున్నది ఇదే. అండమాన్‌లో 1984లో ఏర్పడిన నేవీ 318 స్క్వాడ్రన్ మొదట ఎగరేసింది కూడా ఐలాండర్లనే. బయలుదేరి యాభై అడుగుల ఎత్తు అందుకోవడానికి దీనికి దాదాపు 370 మీటర్లు చాలు. కానీ పైకి ఎగబాకే వేగం నిమిషానికి 860 అడుగులే.

రెండోది కెనడాకు చెందిన ట్విన్ ఆటర్. ఇది కూడా 1965లోనే, ఐలాండర్ కన్నా కొన్ని వారాల ముందు, తొలిసారి ఎగిరింది. రెండు టర్బోప్రాప్ ఇంజన్లు, 5,670 కిలోల బరువు, 19 మంది దాకా. నేపాల్‌లో లుక్లా దగ్గర 527 మీటర్ల వాలు రన్‌వే మీద నుంచి ఎగిరేది ఇదే. మాల్దీవుల్లో తేలియాడే కాళ్లు కట్టుకుని పర్యాటకులను దీవి దీవికీ దింపేదీ ఇదే. ప్రత్యేక పద్ధతిలో లేపితే యాభై అడుగుల ఎత్తుకు 366 మీటర్లు, మామూలు పద్ధతిలో సుమారు 450. ఎగబాకే వేగం నిమిషానికి 1,600 అడుగులు.

మూడోది డోర్నియర్ 228. జర్మనీలో 1981లో తొలిసారి ఎగిరిన ఈ విమానాన్ని 1980ల నుంచి కాన్పూర్‌లో హెచ్ఏఎల్ తయారు చేస్తోంది. వాయుదూత్ కాలంలో మన చిన్న పట్టణాలకు తిరిగింది. నేవీ, కోస్ట్‌గార్డ్ అండమాన్ గగనతలంలో గస్తీకి వాడేది ఇదే. 2022 ఏప్రిల్‌లో దిబ్రూగఢ్ నుంచి అరుణాచల్‌లోని పాసీఘాట్‌కు అలయన్స్ ఎయిర్ మొదలుపెట్టిన సర్వీసులోనూ దీన్నే వాడారు. బరువు 6,400 కిలోలు, 19 సీట్లు, గంటకు 400 కిలోమీటర్ల వేగం. కొత్త నమూనా ఎగబాకే వేగం నిమిషానికి 1,570 అడుగులు. కానీ యాభై అడుగుల ఎత్తుకు 790 మీటర్ల నేల కావాలి.

నాలుగోది అమెరికా విమానం సెస్నా కారవాన్. ఒకే ఇంజన్, 675 హార్స్‌పవర్. చక్రాల మీద అయితే 626 మీటర్లు, ఎగబాకే వేగం నిమిషానికి 1,230 అడుగులు. నీటి మీదా నేల మీదా దిగగల తేలుకాళ్లు తగిలిస్తే ఆ వేగం 940 అడుగుల దగ్గరికి పడిపోతుంది. పూర్తి బరువుతో నీటి మీద నుంచి లేచి యాభై అడుగులు దాటేసరికి కిలోమీటరు గడిచిపోతుంది.

పైపైన చూస్తే తీర్పు తేలికే. ట్విన్ ఆటర్ అన్నిట్లోనూ ముందుంది. మరి మన నౌకాదళం డోర్నియర్‌ను ఎందుకు పట్టుకుంది? దేశంలో తయారవుతుందన్నది ఒక కారణం. వేగం మరో కారణం. కాంప్‌బెల్ బేకు డోర్నియర్ గంటా ఇరవై నిమిషాల్లో చేరితే, ట్విన్ ఆటర్‌కు రెండు గంటలకు అటూ ఇటూ పడుతుంది. నెమ్మదిగా ఎగిరినా గాలిని పట్టి ఉంచగల మందపాటి రెక్కే పొట్టి రన్‌వే నుంచి లేపుతుంది. అదే రెక్క దారి పొడవునా గాలికి అడ్డుపడి వేగాన్ని తినేస్తుంది. ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకోవడమన్నమాట.

కరపత్రం చెప్పని లెక్క

కంపెనీలు అచ్చువేసే అంకెలన్నీ ఒక ఊహాలోకానికి చెందినవి. అక్కడ సముద్రమట్టంలో ఎప్పుడూ 15 డిగ్రీల చల్లదనం, పొడి రన్‌వే, కొత్త ఇంజన్, చేయి తిరిగిన పైలట్. అండమాన్‌లో మధ్యాహ్నం 32 డిగ్రీలు మామూలే. వేడెక్కిన గాలి పలచబడుతుంది. రెక్కకు ఆసరా తగ్గుతుంది, ప్రొపెల్లర్‌కు పట్టు తగ్గుతుంది, ఇంజన్‌కు ఊపిరి తగ్గుతుంది. గాల్లో తేమ చేరితే ఇంకాస్త పలచన. సముద్రపు ఒడ్డునే నిలబడి ఉన్నా, విమానం మటుకు రెండు వేల అడుగుల ఎత్తున్న ఊళ్లో ఉన్నట్టు ప్రవర్తిస్తుంది.

దీన్ని అంకెల్లోకి తేవడానికి బ్రిటన్ పౌర విమానయాన సంస్థ చిన్న విమానాల పైలట్లకు కొన్ని గుణకాలు సూచిస్తుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే టేకాఫ్ దూరం పది శాతం పెరుగుతుందనుకోవాలి. బరువు పది శాతం పెరిగితే దూరం ఇరవై శాతం. పొడి గడ్డి మీద ఇరవై, తడి గడ్డి మీద ముప్పై శాతం అదనం. వెనుక నుంచి వీచే గాలి, నేల విడిచే వేగంలో పదో వంతు ఉన్నా మరో ఇరవై శాతం. ఇవన్నీ హెచ్చవేశాక వచ్చిన మొత్తానికి మూడో వంతు భద్రత కోసం కలపాలి.

చక్రాల కారవాన్‌ను ఈ తూకంలో వేస్తే 626 మీటర్లు 32 డిగ్రీల ఎండలో 730 అవుతుంది. భద్రత కలిపితే 970. కిలోమీటరు రన్‌వేకు సరిగ్గా సరిపోయింది. వెనుక గాలి కాస్త తోడైతే 1,170, అంటే 2012 నాటి కాంప్‌బెల్ బే రన్‌వే దాటిపోయింది. డోర్నియర్ పరిస్థితి ఇంకా ఇరుకు. 790 మీటర్లు ఎండకు 925, భద్రతతో 1,230. ఆ రన్‌వే మీద పూర్తి బరువుతో ఈ లెక్క కుదరదు. పది శాతం బరువు దించితే దాదాపు 1,030కి వస్తుంది. ఆ పది శాతం అంటే 640 కిలోలు, అంటే సామానుతో సహా ఏడుగురు ప్రయాణికులు. ట్విన్ ఆటర్ మామూలు పద్ధతిలో, ఇదే ఎండలో, ఇదే భద్రతతో 710 మీటర్ల లోపే తేలిపోతుంది.

ఇవి వేళ్ల మీద వేసే లెక్కలు. అసలు నిర్ణయం ఆ విమానపు మాన్యువల్‌లోని పట్టికలది. దిశ మాత్రం ఇదే. పంతొమ్మిది సీట్ల విమానం అన్నంత మాత్రాన పంతొమ్మిది మంది ఎక్కగలరని కాదు. పొట్టి రన్‌వే మీద సీట్ల సంఖ్యను నిర్ణయించేది ఎండ, గాలి, ఇంధనం.

ఇంధనం సంగతీ చిన్నది కాదు. అవతల దీవిలో నింపుకునే ఏర్పాటు లేకపోతే రానూపోనూ ఇక్కడి నుంచే మోసుకెళ్లాలి. కాంప్‌బెల్ బేకు వెళ్లి రావడమంటే వెయ్యి కిలోమీటర్ల పైమాట. ట్విన్ ఆటర్ లాంటి విమానానికి ఆ ఇంధనమే వెయ్యి కిలోలు దాటుతుంది. పన్నెండు మంది మనుషుల బరువది. చివరి దీవిలో ఒక ఇంధన ట్యాంకు కట్టడం, ఒక్కోసారి కొత్త విమానం కొనడం కన్నా ఎక్కువ సీట్లు సంపాదించి పెడుతుంది.

వేగం వేరు, కోణం వేరు

నేల విడవడంతో గండం గడవదు. అండమాన్ అడవిలో గర్జన్ చెట్లు నలభై మీటర్లు దాటి పెరుగుతాయి. రన్‌వే చివర గుట్ట, గుట్ట మీద చెట్టు. అక్కడ అక్కరకొచ్చేది నిమిషానికి ఎన్ని అడుగులు ఎగబాకుతుందన్నది కాదు, ముందుకు వెళ్లే ప్రతి మీటరుకూ ఎంత పైకి లేస్తుందన్నది. రెండూ ఒకటే అనిపిస్తుంది గానీ కాదు.

80 నాట్లతో సాగుతూ నిమిషానికి 800 అడుగులు ఎగబాకే విమానాన్ని తీసుకోండి. కిలోమీటరు దాటేసరికి అది 325 అడుగుల ఎత్తులో ఉంటుంది. పక్కనే మరో విమానం 120 నాట్లతో, నిమిషానికి 1,000 అడుగులు ఎగబాకుతోంది. కాగితం మీద ఇదే మేటి. కానీ కిలోమీటరు దాటేసరికి దాని ఎత్తు 270 అడుగులే. ముందుది చెట్టును సునాయాసంగా దాటితే, రెండోది ఇంకాస్త దగ్గరగా రాసుకుంటూ పోతుంది. అందుకే పైలట్లు రెండు వేగాలను గుర్తుపెట్టుకుంటారు. అడ్డంకి ఉంటే నిటారు కోణం కోసం తక్కువ వేగం, అది దాటాక త్వరగా ఎత్తు అందుకోవడానికి కాస్త ఎక్కువ వేగం. ముతక అంకెల్లో వెనకబడ్డ ఐలాండర్ ప్రపంచమంతా దీవుల్లో నిలదొక్కుకోవడానికి ఈ నెమ్మదితనమే రహస్యం.

దాని బలహీనత మరోచోట ఉంది. టేకాఫ్‌లో ఒక ఇంజన్ ఆగిపోతే ఐలాండర్ ఎగబాకే వేగం నిమిషానికి రెండు వందల అడుగుల లోపుకు పడిపోతుంది, అదీ చల్లటి గాలిలో. ట్విన్ ఆటర్‌కు 340 అడుగులు మిగులుతుంది. కారవాన్‌కు రెండో ఇంజన్ లేనే లేదు, దాని ధీమా అంతా టర్బోప్రాప్ నమ్మకం మీద, కింద ఉన్న తేలుకాళ్ల మీద. అయిదు వందల కిలోమీటర్ల నీటి మీద, వానలో, స్ట్రెచర్ మీద రోగితో వెళ్లే విమానానికి ఈ తేడా అంకెల తేడా కాదు, ప్రాణాల తేడా.

జల్ హన్స్ చెప్పిన పాఠం

రన్‌వేలు పొట్టివైతే అసలు రన్‌వేనే వద్దనుకుంటే? 2010 డిసెంబరు 30న ముంబైలో అప్పటి పౌర విమానయాన మంత్రి ప్రఫుల్ పటేల్ ప్రారంభించిన జల్ హన్స్ వెనక ఉన్నది ఈ ఆలోచనే. పవన్ హన్స్, అండమాన్ పాలనా యంత్రాంగం కలిసి తెచ్చిన ఎనిమిది సీట్ల ఆంఫీబియన్ కారవాన్ 2011 జనవరి నుంచి పోర్ట్‌బ్లెయిర్, హావ్‌లాక్, డిగ్లీపూర్‌ల మధ్య తిరిగింది. దేశంలో తొలి వాణిజ్య సీప్లేన్ సర్వీసుగా వార్తల్లోకెక్కింది. హావ్‌లాక్‌కు ఓడలో రెండు గంటలకు పైగా పట్టే ప్రయాణం నిమిషాల్లోకి వచ్చింది. కొన్నేళ్లకే ఆ సర్వీసు ఆగిపోయింది. హావ్‌లాక్ 2018 డిసెంబరులో స్వరాజ్ ద్వీప్ అయింది గానీ, అక్కడికి పర్యాటకుడు ఎక్కువగా వెళ్లేది ఇప్పటికీ పడవలోనే.

నీరు ఖాళీగా కనిపిస్తుంది కాబట్టి ఎంత దూరమైనా పరుగెత్తొచ్చని అనిపిస్తుంది. కానీ నీరు విమానాన్ని అంత తేలిగ్గా వదలదు. మొదట తేలుకాళ్లు నీటిని దున్నుకుంటూ పోవాలి. వేగం పెరిగి నీటి పైభాగాన జారడం మొదలయ్యే దాకా ఇంజన్ శక్తిలో అధిక భాగం ఆ నీటితో పెనుగులాటకే ఖర్చవుతుంది. అద్దంలా నిశ్చలంగా ఉన్న నీరు మరీ మొండిది, తేలుకాళ్లను జిగురులా పట్టుకుంటుంది. దిగేటప్పుడు ఎత్తు అంచనా కూడా అందనివ్వదు. చిరు అలలుంటే మేలు. రెండు మూడు అడుగుల అలలైతే ప్రమాదం. ఏడాదిలో సగం వానల్లో, గాలుల్లో ఉండే సముద్రం మీద ఆ మధ్యస్థమైన రోజులు ఎన్ని? పైగా ఉప్పునీరు లోహాన్ని తినేస్తుంది. రోజూ మంచినీటితో కడగాల్సిందే. మంచినీటికి కటకట ఉండే దీవుల్లో అదో అదనపు భారం.

తెలుగువారు ఇటీవల చూసిన ప్రయోగం ఇందుకు భిన్నమైన నీటి మీద జరిగింది. 2024 నవంబరు 9న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, శ్రీకాకుళం ఎంపీ అయిన కేంద్ర పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలం దాకా సీప్లేన్‌లో వెళ్లారు. ఆ విమానం ట్విన్ ఆటర్. ప్రకాశం బ్యారేజీ నీటిమట్టం యాభై ఏడు అడుగులు, శ్రీశైలం పూర్తి మట్టం 885. నల్లమల కొండల మధ్య లేవాలంటే ఎగబాకే కోణం కావాలి, దానికి తగ్గ విమానాన్నే ఎంచుకున్నారు. అక్కడ ఉప్పు లేదు, సముద్రపు అలల పోటు లేదు. ఉడాన్ పథకం కింద స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, హట్‌బేలను కూడా నీటి విమానాశ్రయాల జాబితాలో చేర్చారు. కృష్ణలో కుదిరింది కాబట్టి బంగాళాఖాతంలోనూ కుదురుతుందనుకుంటే జల్ హన్స్ కథ మరోసారి చదువుకోవాల్సి వస్తుంది.

సునామీ రోజు కొలిచిన రన్‌వే

2004 డిసెంబరు 26 ఉదయం కార్ నికోబార్ వైమానిక స్థావరాన్ని సముద్రం ముంచెత్తింది. సిబ్బంది, వారి కుటుంబ సభ్యులు వంద మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఇళ్లు, రేవు పోయాయి. రన్‌వే కొంత దెబ్బతిన్నా కొంత మిగిలింది. మిగిలిన ఆ భాగం మీదే ఏఎన్-32 రవాణా విమానాలు దిగి బతికినవారిని బయటికి తెచ్చాయి. ఓడ ఆనుకోవడానికి చోటు లేని రోజున పనికొచ్చింది ఆ మిగిలిన నేల, ఆ నేలకు సరిపడ్డ విమానం.

ఆ రోజు నేర్పిన విషయం ఏమిటంటే, దీవుల్లో రన్‌వే పొడవు అన్నది శాశ్వతమైన అంకె కాదు. భూకంపం దాన్ని కుదిస్తుంది, వాన జారుడు చేస్తుంది, ఎండ పొడవు సరిపోనివ్వదు. నిండు రన్‌వే మీద మాత్రమే లేవగలిగే విమానం మంచి రోజుల చుట్టం. సగం రన్‌వే మీద కూడా లేవగలిగేదే ఆపదలో అక్కరకొచ్చేది.

నేలను సాగదీయాలా, రెక్కను మార్చాలా

పాలకులకు సులువుగా తోచే మార్గం రన్‌వే పెంచడం. రక్షణ అవసరాలకు అది తప్పకపోవచ్చు కూడా. మలక్కా జలసంధి ముఖద్వారాన ఉన్న గ్రేట్ నికోబార్‌లో భారీ విమానాలు దిగాలని నేవీ కోరుకోవడంలో వింత లేదు. అక్కడి ట్రాన్స్‌షిప్‌మెంట్ పోర్టు, కొత్త విమానాశ్రయం, టౌన్‌షిప్ ప్రాజెక్టుకు 2022లో పర్యావరణ అనుమతి లభించింది. దాని కోసం మళ్లించే అడవి 130 చదరపు కిలోమీటర్లు. షోంపెన్, నికోబారీ తెగల భవిష్యత్తు గురించి, గలాథియా బేలో గుడ్లు పెట్టే తాబేళ్ల గురించి సాగుతున్న చర్చ ఇంకా సద్దుమణగలేదు.

కానీ ప్రతి దీవికీ మూడు కిలోమీటర్ల నేల దొరకదు. దొరికినా అడవినో పగడపు దిబ్బనో బలి ఇవ్వక తప్పదు. వారానికి కొద్దిమంది రోగులు, ఉద్యోగులు, విద్యార్థులు తిరిగే దారికి ఎయిర్‌బస్ రాదు, వచ్చినా నిండదు. అలాంటి దీవుల లెక్క వేరు. అక్కడ ఎనిమిది వందల మీటర్ల గట్టి రన్‌వే, దాని చివర ఇంధనం, ఒక వాతావరణ పరికరం, ఒక ఇంజన్ ఆగినా చెట్లు దాటగల పంతొమ్మిది సీట్ల విమానం ఉంటే చాలు. విమానం ఎంపికలో ముందు అడగాల్సిన ప్రశ్న వేగం గురించో ధర గురించో కాదు. 32 డిగ్రీల ఎండలో, తడిసిన రన్‌వే మీద, తిరుగు ఇంధనంతో అది ఎంతమందిని తీసుకుని లేవగలదు? ఈ ఒక్క ప్రశ్నకు రాతపూర్వకంగా వచ్చిన జవాబుతో టెండర్ మొదలైతే సగం పొరపాట్లు ముందే ఆగిపోతాయి.

డైరీ ఫార్మ్‌లో కూర్చున్నవారికి ఈ లెక్కలతో పనిలేదని అనుకోవచ్చు. వారి చెంత మూడు కిలోమీటర్ల రన్‌వే ఉంది, దగ్గరలో పెద్ద ఆసుపత్రి ఉంది. అయితే ఆ ఆసుపత్రికి రావాల్సినవారు ఇంకా చాలామంది నీటికి అవతల ఉన్నారు. వారికి రాజధాని ఎంత దూరమన్నది సముద్రం మీద కిలోమీటర్లు చెప్పవు. అక్కడి పొట్టి రన్‌వే మీద, ఆ రోజు ఎండలో, ఒక చిన్న విమానం ఎన్ని సీట్లతో లేవగలిగిందన్నదే చెబుతుంది.